స్వరూపాల పని కూడు పెడుతుందా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. మా అబ్బాయి పదో తరగతి పాసయ్యాడు. మా విచారణ (పారిష్) దేవాలయంలో స్వరూపాలకు, అంటే క్రీస్తు, మరియమాత, పునీతుల విగ్రహాలకు రంగులు వేయడానికి వచ్చిన పనివాళ్ల వెంటే సెలవులన్నీ గడిపాడు. ఇప్పుడు అదే పని నేర్చుకుంటానంటున్నాడు. ఆ పని కూడు పెడుతుందా? - ఒక తండ్రి

జవాబు: పెడుతుంది, స్వరూపాలనే నమ్ముకుని కూర్చోకపోతే. మన దగ్గర చర్చిలకు కొదవ లేదు గానీ బాప్టిస్టు చర్చిలో సిలువే తప్ప విగ్రహాలు ఉండవు. గిరాకీ అంతా కథోలిక దేవాలయాలదే. అక్కడ కూడా సిలువ మార్గం పద్నాలుగు స్థలాలు (క్రీస్తు సిలువ యాత్రను చూపే బొమ్మలు) ఒకసారి చేసిచ్చాక మళ్లీ పిలుపు రావడానికి ఏళ్లు పడుతుంది.

ఇటలీలోని బార్గా నుంచి వలస వెళ్లిన డప్రాటో సోదరులు 1860లో చికాగోలో ప్లాస్టర్ స్వరూపాల వ్యాపారం పెట్టారు. అక్కడే పనివాడిగా చేరిన జాన్ రిగాలి అనే మరో వలస కుర్రవాడు తర్వాత దానికి యజమాని అయ్యాడు. 1962-65లో కథోలిక మతపెద్దలు జరిపిన రెండో వాటికన్ మహాసభ తర్వాత దేవాలయాలు సాదాసీదాగా మారి, స్వరూపాల ఆర్డర్లు పడిపోయాయి. పాత దేవాలయాలను బాగుచేసే పని కూడా చేపట్టింది కాబట్టే ఆ సంస్థ ఇప్పటికీ ఉంది. మీ అబ్బాయికి ఈ కథ తప్పకుండా చెప్పండి.

వాడు చూసింది రంగులు వేయడం. అది చివరి పని. ముందు బంకమట్టితో ముఖం మలచాలి, దాని మీద అచ్చు తీయాలి, ఆ అచ్చులో ప్లాస్టర్ పోయాలి. కలిపిన ప్లాస్టర్ అరగంట లోపే బిగుసుకుంటుంది, తీరిగ్గా ఆలోచించే వీలుండదు. లోపల పీచు వేయకపోతే మరియమాత చాచిన చెయ్యి మణికట్టు దగ్గరే విరుగుతుంది. ఆరుబయట లూర్దుమాత గుహలో పెట్టాలంటే ప్లాస్టర్ వానకు ఆగదు, ఫైబరో సిమెంటో కావాలి. ఫైబర్ అచ్చు పని వచ్చినవాడికి ఊరూరా అంబేడ్కర్, ఫూలే విగ్రహాల పని కూడా దొరుకుతుంది. నన్నడిగితే అసలు ఆదాయం అక్కడే.

కాబట్టి ఇంటర్ మాన్పించకండి. ఆ తర్వాత హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో శిల్పకళలో నాలుగేళ్ల డిగ్రీ చేయవచ్చు. ప్రవేశ పరీక్షలో బొమ్మ గీయించి చూస్తారు, సాధన ఇప్పుడే మొదలుపెట్టాలి.

ఈలోగా ఒక పని చేయండి. చెరువు మట్టి తెప్పించి, వాళ్ల నాయనమ్మ చెయ్యి మలచమనండి. వేళ్లు కుదరక ఎన్నిసార్లు పిసికేసి మళ్లీ మొదలుపెడతాడో చూసి నాకు రాయండి.