97.9 శాతం పోలిక: కొత్త బ్యాక్టీరియాయేనా?

ప్రశ్న: చెరువుగట్టు మట్టిలోంచి నారింజ రంగు కాలనీ ఒకటి వచ్చిందండీ. బ్యాక్టీరియాను గుర్తించడానికి వాడే 16ఎస్ జన్యువు సీక్వెన్స్ చేయిస్తే దగ్గరి జాతితో 97.9 శాతమే కలిసింది. కొత్త జాతి అనుకోవచ్చా?
– ఎమ్మెస్సీ విద్యార్థిని, తార్నాక

జవాబు: ఆశ పెట్టుకోవచ్చమ్మా, పేరు పెట్టడానికి మాత్రం తొందరపడకండి. ముందు క్రోమాటోగ్రామ్ (సీక్వెన్సింగ్ యంత్రం ఇచ్చే శిఖరాల గ్రాఫ్) తెరవండి. ఒకే చోట రెండు రంగుల శిఖరాలు ఒకదానిమీద ఒకటి పడుతుంటే, చాలాసార్లు కల్చర్‌లో రెండో బ్యాక్టీరియా దాగి ఉన్నట్టే. విడి కాలనీని తీసి కనీసం మూడుసార్లు మళ్లీ స్ట్రీక్ చేయండి, అంటే కొత్త ప్లేటు మీద గీతలుగా పూసి పెంచండి. ఆర్2ఏ అగార్ అనే మీడియం (బ్యాక్టీరియాను పెంచే పోషక పదార్థం) మీద, 28 డిగ్రీల దగ్గర వారం రోజులు ఓపిక పట్టాలి. మట్టి బ్యాక్టీరియాలో నెమ్మదిగా పెరిగేవి ఎక్కువ. రెండో రోజుకే ప్లేటు పారేస్తే అసలుదే పోతుంది. శుద్ధమయ్యాక 20 శాతం గ్లిసరాల్‌లో కలిపి మైనస్ 80 డిగ్రీల్లో దాచండి.

సీక్వెన్స్ 1,400 బేస్‌లకు తగ్గకూడదు. 700 బేస్‌ల ముక్క ఇచ్చే శాతాన్ని నమ్మలేం. పోల్చాల్సింది డేటాబేస్‌లో పైన కనిపించినదానితో కాదు, టైప్ స్ట్రెయిన్‌తో, అంటే ఆ జాతి పేరుకు ప్రామాణికంగా భద్రపరిచిన నమూనాతో. 98.7 శాతం కంటే తక్కువొస్తే జాతి కొత్తదయ్యే అవకాశం గట్టిదే. ఆపైన మొత్తం జీనోమ్ చేయించండి: కొత్త జాతి అనాలంటే, రెండు జీనోమ్‌ల పోలికను కొలిచే ఏఎన్ఐ (సగటు న్యూక్లియోటైడ్ పోలిక) 95 శాతం లోపు, అలాంటిదే మరో కొలత డిజిటల్ డీఎన్ఏ హైబ్రిడైజేషన్ 70 శాతం లోపు ఉండాలి.

జీనోమ్‌తో పాటు బ్యాక్టీరియా కణాల్లోని కొవ్వు ఆమ్లాలనూ పోల్చాలి; ఆ పరీక్షలోనే ఎక్కువమంది దెబ్బతింటారు. మీడియం మారితే ఆ ఆమ్లాల పాళ్లూ మారిపోతాయి. అందుకే టైప్ స్ట్రెయిన్ తెప్పించి, మీదాని పక్కనే అదే మీడియంలో, అదే వేడిలో పెంచండి. హైదరాబాద్ నుంచి ఎగరేసిన బెలూన్ పై వాతావరణం నుంచి తెచ్చిన గాలిలో దొరికి, 2009లో పేరు పొందిన జానిబాక్టర్ హోయ్లీ అనే బ్యాక్టీరియా కూడా ఇలాంటి పోలికలు దాటినదే. చివరగా, మీ బ్యాక్టీరియాను రెండు వేర్వేరు దేశాల కల్చర్ కలెక్షన్లలో (సూక్ష్మజీవుల్ని భద్రపరిచే కేంద్రాల్లో) జమ చేయాలి.