బొగ్గు రాళ్లలో ఆకులు ఏరే అమ్మాయిని ఏం చదివించాలి?

ప్రశ్న: నేను సింగరేణిలో పనిచేస్తాను. మా అమ్మాయి బైపీసీ రెండో సంవత్సరం. ఓబీ కుప్పల (బొగ్గు కోసం తవ్విపోసిన మట్టి, రాళ్ల గుట్టల) దగ్గర దొరికే ఆకు అచ్చుల రాళ్లు తెచ్చి ఇంటినిండా పేరుస్తోంది. నీట్ వద్దు, ఈ శిలాజాల చదువే చదువుతానంటోంది. ఉద్యోగాలుంటాయా? మాకు టెన్షన్‌గా ఉంది. – ఒక తండ్రి, గోదావరిఖని

జవాబు: ఆకు నాలుక ఆకారంలో ఉండి, నడిమి ఈనెకు రెండు వైపులా వలలాంటి సన్న ఈనెలు కనిపిస్తే అది గ్లోసోప్టెరిస్ అయ్యుండాలి. 25 కోట్ల ఏళ్లకు ముందు, పెర్మియన్ కాలంలో గోదావరి లోయలో పెరిగిన అడవులవి. మీరు తవ్వే బొగ్గు చాలావరకు వాటిదే. 1912లో దక్షిణ ధ్రువం నుంచి తిరిగొస్తూ చనిపోయిన కెప్టెన్ స్కాట్ బృందం చివరిదాకా మోసిన రాళ్లలోనూ ఈ ఆకులే దొరికాయి. అంటార్కిటికా, మన దేశం ఒకప్పుడు ఒకే భూభాగం అనడానికి అవి సాక్ష్యం. మీ అమ్మాయి ఏరుతున్నవి అంత విలువైనవండీ.

ఇక చదువు. ఒక్క బోటనీతో సరిపెట్టకండి, జియాలజీ తప్పనిసరిగా ఉండాలి. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో జియాలజిస్టు పోస్టులకు యూపీఎస్సీ పెట్టే పరీక్షకు జియాలజీ లేదా దాని అనుబంధ శాఖల్లో పీజీ కావాలి. బోటనీ పీజీతో ఆ తలుపు తెరుచుకోదు. అందుకని బీఎస్సీలో జియాలజీ, బోటనీ రెండూ ఉన్న కాలేజీ వెతకండి. తిరుపతి ఐసర్‌లో (కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్యాసంస్థ) భూవిజ్ఞానం ఉంది, దాని ప్రవేశ పరీక్ష బైపీసీ వాళ్లూ రాయొచ్చు. కాకపోతే అందులో లెక్కలూ ఉంటాయి, ఇప్పటి నుంచే చూసుకోవాలి.

అచ్చంగా శిలాజ మొక్కల మీదే పనిచేసే పోస్టులు తక్కువ. దానికి పీహెచ్‌డీ దాకా వెళ్లాలి. లక్నోలో శిలాజ మొక్కల శాస్త్రవేత్త బీర్బల్ సాహ్నీ పేరిట ఉన్న సంస్థ ఈ పరిశోధనకు దేశంలో ప్రధాన కేంద్రం. నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలనెలా డబ్బు అందుతుంది, ఆ ఏళ్లు మీమీద భారం పడదు. బొగ్గు, చమురు అన్వేషణలో రాతి పొరల వయసు తేల్చడానికి శిలాజ పుప్పొడి, స్పోర్లు చూస్తారు. ఆ పని నేర్చుకుంటే పరిశ్రమలోనూ దారి ఉంటుంది.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. ఓబీ కుప్పలు ఎప్పుడు జారతాయో చెప్పలేమని మీకే బాగా తెలుసు. అనుమతి లేకుండా, ఒంటరిగా అక్కడికి పంపొద్దు.

తెచ్చిన ప్రతి రాయికీ నంబరు వేసి, ఎక్కడ, ఎప్పుడు దొరికిందో నోట్‌బుక్‌లో రాయించండి. చోటు తెలియని రాయి పరిశోధనకు పెద్దగా అక్కరకు రాదు. రాయి రెండుగా చీలితే రెండు ముక్కలూ దాచాలి, పేపర్లో చుట్టాలి. వార్నిష్ పూయొద్దు, బ్రష్‌తో రుద్ది కడగొద్దు, ఆకు మీది నల్లటి పొర ఊడిపోతుంది. ఆకుకు అంటుకున్న చిన్న బొడిపెల్లాంటివి కనిపిస్తే ఆ రాయిని అస్సలు పారేయొద్దు. పేరులో ఫెర్న్ (గ్రీకులో ‘ప్టెరిస్’) ఉన్న గ్లోసోప్టెరిస్ నిజానికి విత్తనాల మొక్క అని తేలడానికి అలాంటి భాగాలే ఆధారమయ్యాయి. 1952లో దక్షిణాఫ్రికాలో శాస్త్రవేత్త ఎడ్నా ప్లమ్‌స్టెడ్ వర్ణించినవి అవే. మీ గనిలో జియాలజిస్టు ఉంటారు కదా, సెలవు రోజున అమ్మాయిని, ఆ నోట్‌బుక్‌ను తీసుకెళ్లి కలవండి. ఏ రాయి ఏ సీమ్ (బొగ్గు పొర) పైనుంచి వచ్చిందో ఆయన చెబితే పక్కనే రాసుకుంటుంది.