క్విజ్ సాఫ్ట్‌వేర్ కొనేముందు తప్పు జవాబులను ఎలా చూపిస్తుందో చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: ఆదోనిలో మీ స్కూల్లో 4 నుంచి 8వ తరగతి దాకా క్విజ్ సాఫ్ట్‌వేర్ పెడదామని కరస్పాండెంట్ గారు అంటున్నారు, రెండు మూడు కంపెనీల డెమోలు అయ్యాయి, అన్నీ బాగున్నట్టే అనిపిస్తున్నాయి, ఎలా తేల్చుకోవాలి అని. నేను పత్తికొండ వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్తాను. ఫ్రీవి, డబ్బు కట్టేవి, ఫోన్లతో నడిచేవి, కార్డులతో నడిచేవి చాలానే వాడి చూశాను. ఫలానాది కొనండి అని పేరు చెప్పలేను, మీ గదుల్లో టీవీ ఉందా, ట్యాబ్‌లు ఉన్నాయా, నెట్ ఎలా ఉంది అన్నదాన్ని బట్టి అది మారిపోతుంది. ఎలా పరీక్ష పెట్టాలో మాత్రం చెప్పగలను.

డెమోలో పిల్లల కేరింతలు చూసి నిర్ణయం తీసుకోకండి. రంగులు, మ్యూజిక్, లీడర్ బోర్డు పెడితే మొదటి వారం ఏ క్లాసైనా ఊగిపోతుంది. క్విజ్ అయిపోయాక టీచర్ చేతికి ఏం వస్తుందో అది చూడండి. ఆ రిపోర్ట్ చూసి రేపు పొద్దున ఏ పిల్లకు ఏది మళ్లీ చెప్పాలో తెలిసిందా లేదా, నా లెక్కలో అసలు పరీక్ష అదే.

ఒక ఉదాహరణ వివరంగా చెప్తాను. దశాంశాలు చెప్పాక 0.4, 0.35 లో ఏది పెద్దది అని అడగండి. కొంతమంది 0.35 అంటారు. ఎందుకురా అంటే "నాలుగు కంటే ముప్పై ఐదు పెద్దది గదా సార్" అంటారు. చుక్క తర్వాత ఉన్నదాన్ని మామూలు సంఖ్యలా చదువుతున్నారన్నమాట. ఇక 0.4 అని సరిగ్గా చెప్పినవాళ్లందరికీ వచ్చేసిందా అంటే, అదీ లేదు. వాళ్లలో కొందరు "పదో వంతు పెద్దది, నూరో వంతు చిన్నది, కాబట్టి చుక్క తర్వాత ఎన్ని అంకెలు ఎక్కువుంటే అంత చిన్న సంఖ్య" అనుకుంటున్నవాళ్లు ఉంటారు. జవాబు కరెక్టే, ఆలోచన మాత్రం తప్పు. ఇది బయటపడాలంటే వెంటనే 0.8, 0.936 లో ఏది పెద్దది అని రెండో ప్రశ్న వేయాలి. ఇందాక 0.35 అన్నవాడు దీనికి 0.936 అని సరిగ్గా చెప్తాడు, 0.4 అన్నవాళ్లలో ఈ రెండో రకం పిల్లలు 0.8 అని తప్పుతారు.

ఇప్పుడు రిపోర్ట్ తెరవండి. చాలా సాఫ్ట్‌వేర్లు ఇద్దరికీ 50 శాతం అని చూపించి ఊరుకుంటాయి. ఒకడికి స్థాన విలువ మొదటి నుంచి చెప్పాలి, ఇంకొకడికి గళ్ల కాగితం మీద 0.8 కి, 0.936 కి రంగు వేయించి చూపిస్తే చాలు, ఇద్దరికీ కావాల్సింది వేరు. ఏ పిల్లవాడు ఏ ప్రశ్నకు ఏ ఆప్షన్ నొక్కాడో పేరు పేరునా ఒకే పట్టికలో కనిపిస్తే నాకు ఈ సంగతి రెండు నిమిషాల్లో తెలుస్తుంది. సగటు, ర్యాంకు, రంగు రంగుల గ్రాఫ్ మాత్రమే ఇస్తే ఎన్ని పేజీలున్నా నాకు పనికిరాదు. డెమోకు వచ్చినాయన్ని ఈ రెండు ప్రశ్నలు మీ ముందే వేసి, ఇద్దరు పిల్లల్లా మీరే జవాబులిచ్చి, రిపోర్ట్ చూపించమనండి.

మార్కుల గురించి ఒక చిన్న మాట. నాలుగు ఆప్షన్ల ప్రశ్నలు పది ఉంటే ఏమీ చదవకుండా నొక్కినా సగటున రెండున్నర వస్తాయి, ఒప్పు-తప్పు ప్రశ్నలైతే ఐదు. కాబట్టి పదికి మూడు వచ్చిన పాపకు ఇంట్లో "30 శాతం వచ్చింది" అని మెసేజ్ పంపే సాఫ్ట్‌వేర్ ఆ తల్లిదండ్రులకు చెప్తున్నది ఏమీ లేదు. ఆ ఆటోమేటిక్ మెసేజ్‌లు ఆపుకునే వీలుందో లేదో అడగండి.

వేగం విషయంలో నాకు గట్టి అభిప్రాయమే ఉంది. కహూట్ లాంటి క్విజ్ యాప్‌లలో మామూలుగా త్వరగా నొక్కినవాళ్లకు ఎక్కువ పాయింట్లు. ఇంటర్ పిల్లలకు సరదాగా ఉంటుందేమో, నాలుగో తరగతిలో ఇంకా కూడబలుక్కుని చదివే పిల్లకు అది అన్యాయం. ఆ పిల్ల ప్రశ్న పూర్తిగా చదివేలోపే పక్కవాళ్లు నొక్కేసి అరుస్తుంటారు, రెండు మూడు సార్లు అలా అయ్యాక తనూ చదవడం మానేసి ఏదో ఒక రంగు నొక్కుతుంది. ఇది నా క్లాసులో కళ్లారా చూశాను. టైమ్ పెంచుకోవచ్చా, అసలు తీసేయవచ్చా, లీడర్ బోర్డు దాచవచ్చా, ఈ మూడూ చూడండి. క్విజిజ్, అదే ఇప్పుడు వేగ్రౌండ్ అని పేరు మార్చుకున్నది, అందులో ప్రశ్న ఎవరి స్క్రీన్ మీద వాళ్లకు వస్తుంది, టైమర్ తీసేసి ఎవరి వేగంలో వాళ్లను చేసుకోనివ్వొచ్చు. చిన్న తరగతులకు నేను ఆ పద్ధతినే ఇష్టపడతాను.

తెలుగు సంగతి డెమోలో ఎవరూ చూపించరు, మీరే అడగాలి. మన ఏపీ పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉంది కదా, పిల్లలు రెండూ చూసుకుంటూ చదవడం అలవాటు పడ్డారు. ప్రశ్న కూడా రెండు భాషల్లో పెట్టాలంటే ఒకే పెట్టెలో రెండూ టైప్ చేయాల్సి వస్తుంది, అప్పుడు చిన్న ఫోన్ స్క్రీన్ మీద ప్రశ్నే నిండిపోయి, మూడో ఆప్షన్, నాలుగో ఆప్షన్ కిందికి జరిపితే గానీ కనబడవు, పిల్లలు పైన కనిపించిన రెండింట్లోనే ఒకటి నొక్కేస్తారు. మీ స్కూల్లో ఉన్న అన్నింటికంటే చిన్న ఫోన్‌లో తెరిచి చూడండి.

టైప్ చేసి జవాబివ్వాల్సిన ప్రశ్నలైతే ఇంకా జాగ్రత్త. ఒకరు ఆక్సిజన్ అని, ఇంకొకరు ఆక్సీజన్ అని, మరొకరు ప్రాణవాయువు అని రాస్తారు, టీచర్ మూడూ ఒప్పేసుకుంటారు, సాఫ్ట్‌వేర్ ఒక్కదాన్నే ఒప్పుకుంటుంది. తెలుగు టైపింగ్‌లో కంటికి కనిపించని ఒక క్యారెక్టర్ కూడా పడుతుంటుంది, పొల్లు తర్వాత ఒత్తు పడకుండా ఆపడానికి వాడేది. అది ఒకదాంట్లో ఉండి ఇంకోదాంట్లో లేకపోతే చూడటానికి రెండు జవాబులూ ఒకేలా ఉన్నా కంప్యూటర్‌కు వేరు వేరు. ఒక ప్రశ్నకు ఎన్నో జవాబులు ముందే ఇచ్చుకునే వీలు, తర్వాత టీచర్ చేత్తో మార్కు దిద్దే వీలు రెండూ ఉండాలి. ఇంకోటి, మీ పాత ప్రశ్నపత్రాలు డీటీపీ సెంటర్లో అను ఫాంట్లలో కొట్టించి ఉంటే అవి నేరుగా ఇందులోకి రావు, పిచ్చి అక్షరాలుగా మారిపోతాయి. యూనికోడ్‌లోకి, అంటే ఫోన్లలో, నెట్‌లో తెలుగు కనిపించే పద్ధతిలోకి మార్చే పని ఎవరు చేస్తారో కొనకముందే మాట్లాడుకోండి, లేకపోతే ఆ పని సెలవుల్లో టీచర్ల మీద పడుతుంది.

పిల్లల చేతిలో ట్యాబ్‌లు లేకపోతే దిగులు పడక్కర్లేదు. ప్లికర్స్ అని ఉంది, ఒక్కో పిల్లకు ఒక్కో నల్ల గుర్తున్న కార్డు ఇస్తారు, కార్డుకు నాలుగు వైపులా ఎ, బి, సి, డి చిన్నగా ఉంటాయి, తన జవాబు పైకి వచ్చేలా పట్టుకుంటే టీచర్ ఫోన్ కెమెరాతో గదంతా ఒకసారి చూపిస్తే చాలు, ఎవరు ఏది పట్టుకున్నారో నమోదవుతుంది. కార్డు కార్డుకూ గుర్తు వేరు కాబట్టి పక్కవాణ్ణి చూసి కాపీ కొట్టడం కష్టం. జిరాక్స్ షాపులో మందం కాగితం మీద తీయించండి, మెరిసే లామినేషన్ మాత్రం వేయించకండి, కిటికీ వెలుతురు పడి కెమెరాకు గుర్తు దొరకదు. నలభై మందికి ఒక ఫోన్, ఒక టీవీ సరిపోతాయి.

ట్యాబ్‌లతో చేసేటట్టయితే క్విజ్ మధ్యలో వైఫై ఆపేసి చూడండి. నేను వాడిన ఒక డబ్బు కట్టే యాప్‌లో నెట్ పోయి వచ్చేసరికి పిల్లలు అప్పటిదాకా ఇచ్చిన జవాబులన్నీ పోయాయి, టైమర్ మాత్రం నడుస్తూనే ఉంది. ఏడుపు మొహాలు పెట్టిన పిల్లలకు సర్దిచెప్పేసరికి పీరియడ్ అయిపోయింది. మంచి సాఫ్ట్‌వేర్ జవాబులను ట్యాబ్‌లోనే దాచుకుని నెట్ రాగానే పంపిస్తుంది.

బడికి రాని పిల్లల మాట కూడా అడగండి. కోసిగి, మంత్రాలయం వైపు నుంచి మిర్చి కోతల కాలంలో కుటుంబాలు గుంటూరు వైపు వలస పోతాయి, పిల్లలూ వెంట పోతారు, మీకు తెలియనిది కాదు. వాళ్లు తిరిగొచ్చాక పోయిన క్విజ్‌లను విడిగా చేయించే వీలుండాలి. రాని రోజులకు సున్నా వేసి సగటు లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ వద్దే వద్దు.

కంపెనీవాళ్లు "మా దగ్గర వేల ప్రశ్నలున్నాయి" అంటారు. వాటిలో మీ టీచర్లు ఇప్పుడే చెప్పిన ఒక పాఠం తీసి ఇరవై ప్రశ్నలు మీ సబ్జెక్టు టీచరుతో చదివించండి. తప్పు ఆప్షన్లు పిల్లలు నిజంగా చేసే తప్పుల్లోంచి వచ్చాయా, ఊరికే నింపారా అన్నది వెంటనే తెలిసిపోతుంది. ఆప్షన్లను తారుమారు చేసే సెట్టింగ్ ఆన్ చేస్తే "పైవన్నీ" అన్నది ఒక్కోసారి అన్నింటికంటే పైకి వచ్చి కూర్చుంటుంది, దాని పైన ఏమీ ఉండదు, పిల్లలు అయోమయంలో పడతారు. ఆ ఒక్క ఆప్షన్‌ను కదలకుండా పెట్టుకునే వీలుందా చూడండి, లేకపోతే ఆ రకం ప్రశ్నలే మానేయండి.

క్విజ్‌ల వల్ల నిజంగా లాభం ఉందా అని మీ స్టాఫ్‌లో ఎవరైనా అడిగితే, ఉంది. 2006లో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు పరిశోధకులు కాలేజీ విద్యార్థులతో చేసిన ప్రయోగంలో, పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవాళ్లు ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు, వారం తర్వాత పెడితే మాత్రం గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లు ముందున్నారు. చదివింది గుర్తు తెచ్చుకునే ఆ ప్రయత్నమే జ్ఞాపకాన్ని గట్టిపరుస్తుంది. అందుకే పాఠం అయిన రోజు ఒక్కసారి క్విజ్ పెట్టి వదిలేస్తే సగం లాభమే. తప్పిన ప్రశ్నలను వారం తర్వాత, నెల తర్వాత తనే మళ్లీ తెచ్చే సాఫ్ట్‌వేర్ దొరికితే దానికి నేను రెండు మార్కులు ఎక్కువ వేస్తాను.

పిల్లల వివరాల దగ్గర మొహమాటపడకండి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో 18 ఏళ్ల లోపు వాళ్లందరూ పిల్లల కిందికే వస్తారు, వాళ్ల డేటాకు తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటుంది, వాళ్లను గురిపెట్టి ప్రకటనలు వేయకూడదంటుంది. క్విజ్‌కు రోల్ నంబరు, పిలుపు పేరు చాలు. ఫొటో, ఆధార్, తల్లిదండ్రుల ఫోన్ నంబరు అడిగితే ఎందుకని అడగండి, సరైన జవాబు రాకపోతే వదిలేయండి.

డబ్బు కట్టే ముందు ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే దీక్ష యాప్‌లో మీ పాఠాలకు ఏమున్నాయో చూడండి, గూగుల్ ఫామ్స్‌లో క్విజ్ కూడా ఉచితమే, ఎవరు ఏ ఆప్షన్ పెట్టారో అంతా షీట్‌లో వస్తుంది. వీటికంటే ఎక్కువ ఏం ఇస్తుందో చెప్పలేని కంపెనీకి డబ్బు అనవసరం. తీసుకుంటే ఏడాదికి అందరికీ ఒకేసారి కట్టకుండా ఒక్క సెక్షన్‌కు ఒక నెల అడగండి, అది కూడా బాగా చదివే సెక్షన్‌కు ఇవ్వకండి. నెల చివర అవే ప్రశ్నలు కాగితం మీద, ఆప్షన్లు లేకుండా పెట్టండి. స్క్రీన్ మీద వచ్చినవి కాగితం మీద కూడా వస్తే అప్పుడు మాట్లాడుకోవచ్చు. ఒప్పందం అయిపోయాక మీ టీచర్లు రాసుకున్న ప్రశ్నలు ఎక్సెల్‌లోకి దింపుకోనిస్తారా అన్నది రాతలో తీసుకోండి.

దశాంశాలకు, భిన్నాలకు ఇలా జంటలుగా అడిగే ప్రశ్నలు నా దగ్గర యూనికోడ్‌లో టైప్ చేసి ఉన్నాయి, 6, 7 తరగతులకు. కావాలంటే కింద అడగండి, పెడతాను.