జావా ఉన్నా ఒరాకిల్ ఫామ్స్ తెరుచుకోకపోతే

ఆఫీసు ఎంట్రీలు చేసే ఒరాకిల్ ఫామ్స్‌లో లాగిన్ పేజీ మామూలుగానే వస్తోంది, ఫామ్ మీద నొక్కితే మాత్రం తెల్ల పేజీ, జావా మూడుసార్లు తీసేసి మళ్లీ వేసినా అంతే అని మీరు రాశారు. దయచేసి నాలుగోసారి వేయకండి. మా ఆఫీసులో అకౌంట్స్ వాళ్ల కంప్యూటర్ల ముందు కూర్చుని రెండు రోజులు నేనూ అదే పని చేశాను. నెలాఖరు, ఎంట్రీలన్నీ ఆగిపోయాయి, అందరికీ టెన్షన్. తీరా చూస్తే బ్రౌజర్ అసలు జావాని పిలవడమే లేదు.

ముందు ఆ సంగతి తేల్చుకోండి. కంట్రోల్ ప్యానెల్‌లో జావా తెరిచి, అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో జావా కన్సోల్ (జావా ఏం చేస్తోందో చూపించే చిన్న విండో) కనబడేలా పెట్టండి. బ్రౌజర్ విండోలన్నీ మూసేసి ఫామ్ మళ్లీ తెరవండి. కన్సోల్ రానేలేదంటే చిక్కు బ్రౌజర్ దగ్గర ఉంది. కన్సోల్ వచ్చి ఎర్రర్ చూపిస్తే జావా సెట్టింగ్స్ చూడాలి.

కన్సోల్ రాకపోతే ఏ బ్రౌజర్ వాడుతున్నారో చూడండి. క్రోమ్ 2015లో, ఫైర్‌ఫాక్స్ 2017లో జావా ప్లగిన్‌ని, అంటే బ్రౌజర్ లోపల జావాని నడిపే భాగాన్ని, వదిలేశాయి. ఇప్పుడు మిగిలింది ఎడ్జ్‌లోని ఐఈ మోడ్, అంటే పేజీని పాత ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లా తెరిచే పద్ధతి. ఎడ్జ్‌లోని డిఫాల్ట్ బ్రౌజర్ సెట్టింగ్స్‌లో మీ సైటును మీరే చేర్చుకోవచ్చు, కానీ 30 రోజులకు దాని గడువు తీరిపోతుంది. "నిన్నటిదాకా బాగానే ఉందండీ" అని వచ్చే ఫోన్లలో కొన్నిటికి కారణం ఇదే. ఎక్కువమంది వాడే సైటైతే, గ్రూప్ పాలసీ (ఆఫీసు కంప్యూటర్లన్నిటికీ ఒకేసారి సెట్టింగ్ పెట్టే పద్ధతి) ద్వారా ఎంటర్‌ప్రైజ్ సైట్ లిస్టులో, అంటే ఐఈ మోడ్‌లో తెరవాల్సిన సైట్ల జాబితాలో, పెట్టమని అడ్మిన్‌ని అడగండి.

ఐఈ మోడ్‌లోనూ ఖాళీ పేజీయే వస్తే, మీ జావా 32-బిట్టా, 64-బిట్టా అన్నది చూడండి. మా రెండు రోజులూ ఇక్కడే పోయాయి. విండోస్ 64-బిట్ అయినా ఐఈ ట్యాబులు మామూలుగా 32-బిట్‌లోనే నడుస్తాయి. మేము వేసింది 64-బిట్ జావా, అది వాటికి కనబడదు. 32-బిట్ జావా 8 వేయగానే ఫామ్ తెరుచుకుంది. కొత్తది మంచిదని జావా 11 గానీ, ఆ పైవి గానీ వేయకండి, వాటిలో ప్లగిన్ లేనే లేదు.

కన్సోల్ వచ్చి, అప్లికేషన్‌ను సెక్యూరిటీ ఆపిందని మెసేజ్ వస్తే, సెక్యూరిటీ ట్యాబ్‌లోని ఎక్సెప్షన్ సైట్ లిస్టులో అడ్రస్ చేర్చండి. హెచ్‌టీటీపీయా, హెచ్‌టీటీపీఎస్సా అన్నదీ, పోర్ట్ నంబరూ అడ్రస్ బార్‌లో ఉన్నట్టే ఉండాలి. పోర్ట్ వదిలేసి నేను ఒక మధ్యాహ్నమంతా పోగొట్టుకున్నాను. సర్వర్ హెచ్‌టీటీపీఎస్‌కి మారినప్పుడు పాత ఎంట్రీ పనిచేయదు, కొత్తది చేర్చాలి. తర్వాత జావా క్యాష్ (జావా దాచుకున్న పాత ఫైళ్లు) ఖాళీ చేయండి. టాస్క్ మేనేజర్‌లో జావా ప్లగిన్‌కి చెందిన జేపీ2లాంచర్ (jp2launcher) ఇంకా నడుస్తుంటే దాన్నీ ఆపి, అప్పుడు బ్రౌజర్ తెరవండి.

మీ సర్వర్‌లో ఒరాకిల్ ఫామ్స్ 12సీ వెర్షన్ ఉంటే, బ్రౌజర్ అవసరం లేకుండానే ఫామ్ తెరిచే స్టాండలోన్ లాంచర్ దాంతోనే వస్తుంది. అడ్మిన్‌తో మాట్లాడి ముందు ఒక్క కంప్యూటర్‌లో పెట్టించి చూడండి. ఐఈ మోడ్ సెట్టింగ్స్ కోసం ఇంకో వారం పెట్టే కన్నా ఆ మాట ఇప్పుడే అడగడం నయం.