ఒకటి కట్టు, రెండోది కట్టకు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన రెండు చలానాలూ కళ్లజోడు తుడుచుకుని మరీ చదివాను. రెండింటికీ ఒకే మంత్రం చదువుతున్నావు, "నేను వేగంగా వెళ్లలేదు" అని. ముప్పై ఏళ్లు మెజిస్ట్రేటు కోర్టులో బెంచి క్లర్కుగా పనిచేసినవాణ్ని, ఆ మాట ఎన్ని వందల గొంతుల్లో విన్నానో లెక్కలేదు. అందుకే ముందు రెండింటినీ విడదీద్దాం.

రణస్థలం దగ్గరిది కట్టెయ్యి. గంటకు 80 కిలోమీటర్ల బోర్డు ఉన్న చోట స్పీడ్ గన్ 94 చూపించింది. "నాలుగు వరుసల రోడ్డు మీద కార్లకు 100 దాకా ఉంది కదా మామయ్యా" అన్నావు. ఉంది, 2018లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ అది. కానీ ఆ 100 పై హద్దు మాత్రమే. ఊళ్లూ కూడళ్లూ ఉన్న చోట తగ్గించుకునే అధికారాన్ని మోటారు వాహనాల చట్టంలోని 112వ సెక్షన్ రాష్ట్రానికి ఇచ్చింది. బోర్డు చూశానని నువ్వే ఫోనులో ఒప్పుకున్నావు, ఇంక వాదన ఎక్కడుంది? స్పీడ్ గన్ను రోడ్డు పక్క నుంచి ఏటవాలుగా పట్టుకున్నారనేది నీ రెండో అభ్యంతరం. అది నీకే ఎదురు తిరుగుతుంది. కోణం పెరిగిన కొద్దీ ఆ పరికరం అసలు వేగం కంటే తక్కువే చూపిస్తుంది. అంటే నువ్వు 94 కంటే ఎక్కువలోనే ఉండి ఉంటావు. ఈ ముక్క వకీలు ముందు అనకు.

183వ సెక్షన్ కింద కారుకు జరిమానా వెయ్యి నుంచి రెండు వేల దాకా. రెండోసారి దొరికితే లైసెన్సు మీదికి వస్తుంది. టెక్కలి నుంచి శ్రీకాకుళానికి రెండు వాయిదాలు తిరిగితే, బస్సు చార్జీలూ పోయిన పని దినాలూ కలిపి అంతకంటే ఎక్కువే అవుతుంది.

ఇక కంచిలి చలానా. సిరిమాను ఉత్సవం జరిగిన మంగళవారం, మధ్యాహ్నం 3 గంటల 12 నిమిషాలు, వేగం 112. ఆ సమయానికి నువ్వూ నేనూ అత్తయ్యా విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర జనంలో నలుగుతూ పైడితల్లి అమ్మవారి సిరిమాను కోసం మెడలు చాచి చూస్తున్నాం. దీనికి ఒక్క రూపాయి కూడా కట్టకు. కట్టావంటే తప్పు ఒప్పుకున్నట్టే, ఆ తర్వాత ఎవరు వింటారు?

చలానాలోని ఫొటోను ఫోనులో కాకుండా కంప్యూటర్ మీద పెద్దది చేసి చూడు. నేను చూశాను. కారు వెనక నుంచి తీసిన ఫొటో అది. నీ కారు వెనక అద్దానికి ఎడమ మూల అరసవల్లి సూర్యనారాయణమూర్తి స్టిక్కరు ఉంటుంది, మూడేళ్లుగా ఎండకు వెలిసి పసుపు కాస్తా తెల్లబడింది. ఫొటోలో ఆ చోట ఏమీ లేదు. పైగా ఆ కారు మీద సామాన్ల క్యారియర్ ఉంది. రంగూ కంపెనీ మాత్రం నీదే. నంబరులో మూడో అంకె 3 లాగా ఉంది, 8 అన్నా కాదనలేం. నంబరు కొడితే బండి వివరాలు చూపే ఎంపరివాహన్ యాప్‌లో అక్కడ 8 వేసి చూడు. అదే మోడలు కారు వస్తే యంత్రం అంకెను తప్పు చదివిందనుకోవచ్చు. రాకపోతే నీ నంబరు ప్లేటును ఎవడో వాడుకుంటున్నాడని అర్థం. అప్పుడు సంగతి వెయ్యి రూపాయలతో పోదు. రేపు ఆ కారు ఎవరినైనా గుద్ది పారిపోతే పోలీసులు వచ్చేది మన గడపకే. అలాగైతే చలానా అర్జీ కంటే ముందు మీ పోలీసు స్టేషన్లో ఫిర్యాదు రాసిచ్చి నకలు తీసుకో.

నీ బలమైన సాక్ష్యం ఫాస్టాగ్. ఆ రోజు పొద్దున మడపాం టోల్‌గేటు దాటి దక్షిణానికి వచ్చావు, రాత్రి తిరిగి ఉత్తరానికి దాటావు. కంచిలి మీ టెక్కలికి ఇంకా ఉత్తరాన ఉంది. మధ్యాహ్నం మూడింటికి నీ కారు అక్కడ ఉండాలంటే మధ్యలో మరో రెండుసార్లు మడపాం దాటి ఉండాలి. వంశధార నది దాటడానికి వేరే దారి లేదని కాదు, కానీ పండగ పూట మధ్యలో అంత దూరం ఎందుకు వెళ్లొచ్చావో అడిగేవాడే చెప్పాలి. బ్యాంకు నుంచి ఆ రోజు స్టేట్‌మెంట్ తెప్పించు. స్క్రీన్‌షాట్ వద్దు.

తర్వాత చట్టం చూపిన దారి ఒకటుంది. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 2021లో 167ఎ అని ఒకటి చేర్చారు. వేగం కొలిచే పరికరానికి అధీకృత సంస్థ ఇచ్చిన ధ్రువపత్రం ఉండాలి, దాన్ని ఏటా కొత్తది చేయించాలి. కెమెరా ఉందని ముందుగానే బోర్డు పెట్టాలి. చలానాతో పాటు నంబరు ప్లేటు స్పష్టంగా కనిపించే ఫొటో, యంత్రం కొలిచిన వేగం, తేదీ, సమయం, చోటు, ఏ సెక్షనో, అన్నీ ఉండాలి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ధ్రువపత్రం కూడా జత చేయాలి. పాత సాక్ష్య చట్టంలో దాన్ని 65బి అనేవాళ్లం, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలో అది 63వ సెక్షన్. 2021 నాటి ఆ నియమం ప్రకారం నోటీసు 15 రోజుల్లోపు పంపాలి. నీకు మెసేజ్ వచ్చింది నాగుల చవితి మర్నాడు, అంటే గడువు దాటిపోయింది. అయినా ఆ ఒక్క దాని మీదే ఆశ పెట్టుకోకు. గడువు దాటిందన్న కారణంతోనే కొట్టేయమంటే న్యాయమూర్తికి నువ్వు తప్పించుకోవడానికి సందు వెతుకుతున్నవాడిలా కనిపిస్తావు. కారు నాది కాదన్నది ముందు, గడువు చివర.

అర్జీ ఒక పేజీ దాటకూడదు. ఇలా మొదలుపెట్టు: "పై చలానాలోని ఫొటోలో కనిపిస్తున్న వాహనం నాది కాదు. అందుకు ఆధారాలు జతచేస్తున్నాను." కింద చలానా నంబరు, జతచేసిన కాగితాల వరుస. పోలీసుల అన్యాయం, ప్రభుత్వ ఖజానా, నీ ఇరవై ఏళ్ల డ్రైవింగ్ చరిత్ర, ఇవేవీ రాయకు. ఈ-చలానా వెబ్‌సైటులో ఫిర్యాదు నమోదు చేసి ఆ నంబరు దాచుకో. అదే అర్జీని సోమవారం ఎస్పీ కార్యాలయంలో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో చేతికివ్వు. నీ దగ్గరున్న రెండో ప్రతి మీద ముద్రా తేదీ వేయించుకోకుండా అక్కడి నుంచి కదలకు. ముద్ర లేని అర్జీ ఇచ్చినా ఇవ్వనట్టే, ఆ మాట నేను ఎందరికో బల్ల వెనక నుంచి చెప్పాను.

అక్కడ తేలకపోతే సమాచార హక్కు కింద పది రూపాయల రుసుముతో ఆ పరికరం ధ్రువపత్రం అడుగు, 30 రోజుల్లో జవాబు రావాలి. లోక్ అదాలత్‌లో తక్కువలో తేలిపోతుందని ఎవరైనా అంటే రణస్థలం చలానాకైతే విను. రాజీ అంటే ఒప్పుకుని కట్టడమే కాబట్టి కంచిలిదానికి వద్దు. కోర్టు దాకా వెళ్తే బంట్రోతు నీ పేరు పిలిచేసరికి హాల్లోనే ఉండు, టీ తాగడానికి వెళ్లకు. "నేరం ఒప్పుకుంటారా?" అని అడుగుతారు. "లేదండీ" అని ఒక్క మాట చెప్పి ఆగు.

నన్ను చూసి ఇంకోటి నేర్చుకో. నరసన్నపేటలో ఒకతనికి స్కూటర్ అమ్మి, డబ్బు లెక్కపెట్టుకుని, ఆర్సీలో పేరు మార్పించే 29, 30 ఫారాలు అతని చేతికే ఇచ్చి వచ్చేశాను. అతను వాటిని ఏ అలమరలో పెట్టాడో తెలియదు. హెల్మెట్ లేదని మూడు చలానాలు నా పేరు మీదే వచ్చాయి. ఆర్సీలో ఎవరి పేరు ఉంటే వారినే అడుగుతారు. కోర్టు గుమస్తానై ఉండి ఆ పని చేశానని అత్తయ్య ఇప్పటికీ దెప్పుతూనే ఉంటుంది.

అన్నట్టు, చలానా చూడాలంటే ఫైలు నొక్కమని వాట్సాప్‌లో ఏపీకే, అంటే ఫోనులో యాప్‌ను ఎక్కించే ఫైలు, ఏదైనా వస్తే ముట్టుకోకు, బ్యాంకు ఖాతా ఖాళీ అవుతుంది.

సోమవారం ఉదయం తొమ్మిదిన్నరకు శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి దగ్గర ఉంటాను. ఆర్సీ జిరాక్సు రెండు, నీ కారు వెనక అద్దం ఫొటో ఒకటి తీసుకురా. స్టిక్కరు మొత్తం కనపడాలి. అది తీసేదాకా కారు కడగవద్దు, ఉన్న కాస్త రంగూ పోతుంది.

మీ మామయ్య