ఖాళీ కాలు, నిండు కాలు

ప్రశ్న: నా వయసు 72. నిరుడు అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో మా అబ్బాయి దగ్గర ఆరు నెలలు ఉన్నాను. అక్కడి వృద్ధుల కేంద్రంలో వారానికి రెండుసార్లు తాయ్‌చీ అనే చైనా వ్యాయామం నేర్పేవారు. సిగ్గుపడి చూస్తూ కూర్చున్నానే గాని చేయలేదు. కాకినాడ వచ్చాక తులసికోట దగ్గర పక్కకు తిరగబోయి పడ్డాను. ఎముక విరగలేదు గాని, అప్పటినుంచి గోడ వదిలి నడవాలంటే భయం. అంత నెమ్మదిగా చేతులు ఊపితే కాళ్లకు పట్టు వస్తుందా? ఇక్కడ నేర్పేవారు దొరకలేదు. వీడియో చూసి చేయవచ్చా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదవగానే మా అమ్మ గుర్తొచ్చింది. మా ఇంటి నడవాలో ఆమె అరచేయి ఆనే ఎత్తున సున్నం మీద నల్లటి చార పడింది. గోడ పట్టుకున్నకొద్దీ నడక తగ్గింది, నడక తగ్గినకొద్దీ తొడల్లో బలం పోయింది. ఫిజియోథెరపిస్టునై ఉండి కూడా ఆ చారను నేను ఆలస్యంగా గమనించాను. మీరు ముందే అడిగారు, చాలా సంతోషం.

చూసేవారి కళ్లు చేతుల మీదే నిలుస్తాయి గాని, తాయ్‌చీలో పనంతా కాళ్లదే. చైనాలోని హెనాన్ రాష్ట్రంలో, చెన్ వంశీయుల పల్లెలో ఎదిగిన యుద్ధవిద్య ఇది. అందరూ చేయగలిగేలా 1956లో అక్కడి ప్రభుత్వం దీన్ని 24 భంగిమలకు కుదించింది. బరువు మోస్తున్న కాలిని వారు ‘నిండు’ అంటారు, మోయని కాలిని ‘ఖాళీ’ అంటారు. అడుగు వేసేటప్పుడు ముందుగా ఖాళీ కాలి మడమ మాత్రమే నేలకు ఆనుతుంది. బరువు ఇంకా వెనక కాలి మీదే ఉంటుంది. తర్వాత అరికాలు, వేళ్లు ఒక్కొక్కటే ఆనుతుంటే, ఒక బిందెలోంచి ఇంకో బిందెలోకి నీళ్లు వంచినట్లు బరువు ముందుకు వస్తుంది. మధ్యలో ఎక్కడ ఆగమన్నా ఆగగలగాలి. వేగంగా నడిస్తే ఆ ఊపులో తూలు తెలియదు. మెల్లగా వేసే అడుగులో చీలమండ, తుంటి క్షణక్షణం సర్దుకోక తప్పదు.

మీరు పడింది కూడా తిరగబోయే కదా! కెనడాలో వృద్ధుల సంరక్షణ గృహాల్లో పెద్దలు పడిపోతూ కెమెరాలకు చిక్కిన 227 సందర్భాలను పరిశీలించి 2013లో ప్రచురించారు. నూటికి 41 సార్లు కారణం బరువు సరిగ్గా మార్చుకోలేకపోవడమే. కాలు తట్టుకుని పడినవి నూటికి 21 మాత్రమే.

మీరు ఉండి వచ్చిన ఆరెగాన్‌లోనే 70 ఏళ్లు పైబడినవారు, అప్పటికే పడినవారు లేదా నడక తడబడుతున్నవారు 670 మందిని మూడు జట్లు చేసి 24 వారాలు గమనించారు. 2018లో ఫలితాలు వచ్చాయి. ఒళ్లు సాగదీసే వ్యాయామం చేసిన జట్టుతో పోలిస్తే తాయ్‌చీ జట్టులో పడటం 58 శాతం తక్కువ. బలం, నడక, తూలకుండా నిలవడం కలిపి నేర్చిన జట్టుతో పోల్చినా 31 శాతం తక్కువే. అయితే వారు వారానికి రెండు గంటల చొప్పున ఆరు నెలలు చేశారు. పదిహేను రోజులకే మార్పు రాలేదని మానేయకండి.

మొదలుపెట్టే ముందు ఒక పని చేయండి. పడుకున్నప్పుడు, లేచి నిలబడ్డాక, రెండుసార్లూ రక్తపోటు చూపించుకోండి. వేసుకునే మాత్రలన్నీ, ముఖ్యంగా నిద్రమాత్రలుంటే అవి, సంచిలో వేసుకుని డాక్టరు ముందు పెట్టండి. షుగరు ఉండి పాదాలు మొద్దుబారుతుంటే అదీ చెప్పండి. కళ్లు తిరిగి పడేవారికి తాయ్‌చీ మొదటి మందు కాదు.

వీడియో మొదటి నెల వద్దు. తెర చూస్తూ మెడ తిప్పితే అక్కడే తూలుతారు. వంటగట్టుకు ఎదురుగా, పొడి నేల మీద నిలబడి వేళ్ల కొసలు మాత్రం గట్టుకు ఆనించండి. నాలుగు లెక్కపెడుతూ బరువంతా కుడికాలి మీదికి తెండి. నడుము ఒరగకుండా ఎడమ మడమ తేలిగ్గా లేస్తే బరువు మారినట్లే. మళ్లీ ఎడమకు. రోజూ పది నిమిషాలు చాలు, ఇంట్లో ఎవరైనా పక్కన ఉండాలి. మోకాళ్లు నొప్పి పెట్టేంతగా వంచవద్దు. ఒకసారి దగ్గరలోని ఫిజియోథెరపిస్టు ముందు చేసి చూపించండి. ఆ తర్వాత ‘మేఘాల్లా చేతులు’ భంగిమ వీడియో చూసి నేర్చుకోండి. పక్కకు అడుగులు వేసేది కాబట్టి గట్టు వెంబడే చేయవచ్చు. కోడిపుంజులా ఒంటికాలి మీద నిలిచే భంగిమ జోలికి ఇప్పుడే వెళ్లకండి.

తులసి చుట్టూ ప్రదక్షిణ మానమని చెప్పను. కొన్నాళ్లు మాత్రం ఎవరైనా పక్కన ఉన్నప్పుడే చేయండి, కోట చుట్టూ తడి ఆరాకే.