పాఠకుల ప్రశ్నలు – జవాబులు: ఎస్ప్రెస్సో యంత్రం ఎంతసేపట్లో వేడెక్కాలి?

ప్రశ్న: నేను ఉపాధ్యాయురాలిని. బడి ఉన్న ఊరికి బస్సు ఉదయం ఏడింటికే బయలుదేరుతుంది కాబట్టి, ఆరున్నరకు వంటింట్లో అడుగుపెట్టి పది నిమిషాల్లో మా ఇద్దరికీ రెండు కప్పుల పాల కాఫీ కలుపుకోవాలి. బెంగళూరులో ఉన్న మా మరిది తాను వాడిన బరువైన ఇటలీ యంత్రాన్ని సగం ధరకు ఇస్తానంటున్నాడు. అది సిద్ధం కావడానికి అరగంట పడుతుందట. దుకాణంలో చూసిన చిన్న యంత్రం పెట్టె మీద మాత్రం 3 సెకన్లు చాలని ఉంది. ఇంత తేడా ఎలా సాధ్యం? ఏది తీసుకోమంటారు?
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: మీ మరిదిగారి యంత్రం మంచిదే అయి ఉంటుంది గానీ, మీ ఉదయానికి అది సరిపడదు. చిన్నదే తీసుకోండి, అయితే పెట్టె మీది 3 సెకన్లను నమ్మి మాత్రం కాదు.

ఎస్ప్రెస్సో అంటే సన్నటి కాఫీపొడి గుండా వేడినీటిని గట్టి ఒత్తిడితో నెట్టి దింపే చిక్కటి కాఫీ. దాన్ని తీసే యంత్రంలో ఎన్ని నీళ్లు, ఎంత లోహం వేడెక్కాలన్న దాన్ని బట్టే ఈ తేడా వస్తుంది. బరువైనదని రాశారు కాబట్టి, అది ఫేమా సంస్థ 1961లో తెచ్చిన ఇ61 తరహా గ్రూప్ హెడ్ ఉన్న యంత్రం కావచ్చు. గ్రూప్ హెడ్ అంటే కాఫీపొడి నింపిన పిడిగిన్నెను, అంటే పోర్టాఫిల్టర్‌ను, బిగించే భాగం; ఈ తరహా యంత్రాల్లో అది ముందుకు పొడుచుకొచ్చిన ఇత్తడి దిమ్మెలా, పక్కన చిన్న మీటతో కనిపిస్తుంది. ఆ దిమ్మె ఒక్కటే దాదాపు 4 కిలోలు తూగుతుంది. దాని వెనక ఉన్న బాయిలర్‌లో లీటరున్నర నీళ్లున్నాయనుకుంటే, 1200 వాట్ల హీటరు వాటిని 30 డిగ్రీల నుంచి 120 డిగ్రీలకు తేవడానికి లెక్కప్రకారం ఎనిమిది నిమిషాలు పడుతుంది. అసలు జాప్యం ఆ తర్వాతే మొదలవుతుంది. దిమ్మెకు సొంత హీటరు ఉండదు. బాయిలర్ నుంచి వేడినీరు గొట్టాల గుండా తనంతట తాను పైకి లేచి, చల్లారి, తిరిగి కిందికి దిగుతూ మెల్లగా దాన్ని కాచాలి. ఆ అరగంట అందుకే. బాయిలర్ ఒత్తిడిని చూపే ముల్లు పైకెక్కగానే తొందరపడి కాఫీ తీస్తే, నీటిలోని వేడిని ఇత్తడి లాగేసుకుని కప్పులోకి పుల్లటి కాఫీ దిగుతుంది.

చిన్న యంత్రంలో ఉండేది థర్మోబ్లాక్, లేదా దానికి దగ్గరి మరో అమరిక. స్నానాల గదిలో నిల్వ గీజరుకూ ఇన్‌స్టంట్ గీజరుకూ ఉన్న తేడాయే ఇక్కడా ఉంది. నీటిని నిల్వచేసి కాచకుండా, సన్నని దారిలో పారుతుండగానే వేడిచేస్తారు. బ్రెవిల్ బాంబినో వంటి చిన్న యంత్రం మీద 3 సెకన్లని రాసుకోవడం అబద్ధమేమీ కాదు; హీటరు సిద్ధం కావడానికి పట్టే సమయం అది. కానీ మీరు చేతిలోకి తీసుకునే పోర్టాఫిల్టర్, అందులోని జల్లెడగిన్నె, కింద పెట్టే పింగాణీ కప్పు, ఇవన్నీ రాత్రంతా చల్లగా పడి ఉన్నవే. ఎస్ప్రెస్సోకు పొడిని తాకే నీరు 90 నుంచి 96 డిగ్రీల మధ్య ఉండాలి. దారిలో ఈ లోహం పది డిగ్రీలు మింగేస్తే పెట్టె మీది సెకన్లకు అర్థం లేదు. కాబట్టి యంత్రం వేయగానే పొడి లేకుండా ఖాళీ పోర్టాఫిల్టర్ బిగించి, దాని గుండా రెండు సార్లు వేడినీటిని కప్పుల్లోకి వదలండి. ఒక నిమిషంలో పిడిగిన్నె, కప్పులు రెండూ వేడెక్కుతాయి. ఆ నీళ్లు పారబోసి, తడి తుడిచి, పొడి నింపుకోండి. నిజమైన సన్నద్ధత సమయం మూడు, నాలుగు నిమిషాలని లెక్క వేసుకోండి. మీ పది నిమిషాల్లో అది హాయిగా ఇముడుతుంది.

పెట్టె మీద రాయని రెండో నిరీక్షణ ఒకటుంది. పాల కాఫీ కావాలన్నారు. ఈ యంత్రాల్లో పాలను కాచి నురగ తెప్పించేది ఆవిరి. కాఫీ దింపే వేడి కంటే ఆవిరికి కావలసిన వేడి ఎక్కువ కాబట్టి, రెంటికీ ఒకే హీటరు ఉన్న చిన్న యంత్రంలో ముందు కాఫీ తీసి, ఆవిరి మీట నొక్కి ఆగాలి. రెండో కప్పు కాఫీ తీయాలంటే మళ్లీ కొంత నీరు వదిలి చల్లార్చాలి. మొదలయ్యే సమయం తక్కువని కొన్నవారు ఇక్కడే విసుగెత్తిపోతారు. దుకాణదారును అడగవలసిన మాట ఇదే: కాఫీ నుంచి ఆవిరికి, ఆవిరి నుంచి తిరిగి కాఫీకి ఎంతసేపు పడుతుంది? వీలైతే మీ ముందే రెండు కప్పులు తీయించి గడియారం చూసుకోండి. నా మాట వింటే, మీ ఇద్దరి పాలు గ్యాస్ పొయ్యి మీదే కాచుకోండి. నురగ మీద మరీ మోజుంటే తప్ప ఆవిరి గొట్టం కోసం అదనంగా డబ్బు పెట్టనక్కరలేదు.

టైమర్ ప్లగ్ పెట్టి మరిదిగారి యంత్రాన్ని ఆరింటికే వేసుకోవచ్చు కదా అని మీకు తోచవచ్చు. కరెంటు ఖర్చు పెద్దదేమీ కాదు, పావు యూనిట్‌కు కాస్త అటూఇటూ. కానీ ఆ ప్లగ్ 16 ఆంపియర్లదై ఉండాలి, యంత్రానికి పాతకాలపు పైకీ కిందికీ ఆడే స్విచ్ ఉండాలి. వేలితో నొక్కే ఎలక్ట్రానిక్ బటన్ అయితే కరెంటు వచ్చినా అది చాలావరకు నిద్రలోనే ఉంటుంది. పైగా ఆరూపావుకు కరెంటు పోయిందంటే ఆ పూట కాఫీ లేనట్టే.

పొడి గురించి ఒక్క మాట. ఫిల్టర్ కాఫీకని కొట్లో కలిపి ఇచ్చే చికోరీ పొడిని ఇందులో వేయకండి. నీరు తగిలితే అది ముద్దై దారి మూసేస్తుంది. చికోరీ లేని గింజలు తీసుకుని, అప్పటికప్పుడు సన్నగా మర పట్టుకుని, 18 గ్రాముల పొడి నుంచి 25–30 సెకన్లలో సుమారు 36 గ్రాముల కాఫీ దిగేలా చూసుకోండి.

ప్రశ్న: రెండేళ్ల కింద కొన్న మా థర్మోబ్లాక్ యంత్రం మొదట్లో నిమిషంలో సిద్ధమయ్యేది. ఇప్పుడు దీపం వెలగడానికి మూడు నిమిషాలు దాటుతోంది, కాఫీ కూడా సన్నటి ధారగా వస్తోంది. బోరు నీళ్లే వాడుతున్నాము.
– ఒక పాఠకుడు, కడప

జవాబు: జవాబు మీ చివరి వాక్యంలోనే ఉంది. మన ఇళ్లలో పరిచే కడప బండ సున్నపురాయి. అలాంటి రాతి పొరల్లో నిలిచిన నీరు సున్నాన్ని కరిగించుకుని పైకి వస్తుంది. నీళ్లు కాచే గిన్నె అడుగున పట్టే తెల్లటి గార థర్మోబ్లాక్ సన్నని దారిలోనూ పడుతుంది. అది దారిని ఇరుకు చేయడమే కాక, లోహపు వేడి నీటికి అందకుండా అడ్డుపడుతుంది. ముందు తయారీదారు పుస్తకం చూసి, అందులో చెప్పిన గార తొలగించే మందుతో శుభ్రం చేయండి. నిమ్మ ఉప్పు వాడవచ్చని రాసి ఉంటేనే అది వాడండి. ఆ పని కడప బండ గట్టు మీద మాత్రం చేయవద్దు. గారను కరిగించే పులుపు సున్నపురాయినీ తింటుంది. చుక్క పడిన చోటల్లా నునుపు పోయి తెల్లటి మరక మిగులుతుంది. ఇకమీదట క్యాన్ నీళ్లు పోయండి.

శుభ్రం చేశాక కూడా ఆలస్యమైతే వోల్టేజీని అనుమానించాలి. హీటరు ఇచ్చే వేడి వోల్టేజీ వర్గాన్ని, అంటే వోల్టేజీని వోల్టేజీతోనే గుణిస్తే వచ్చేదాన్ని, అనుసరిస్తుంది కాబట్టి, 230 వోల్టుల దగ్గర 1300 వాట్లు తీసుకునేది 180 వోల్టులకు దాదాపు 800 వాట్లకు పడిపోతుంది. ఊరంతా మోటార్లు వేసే వేళలోనూ, అర్ధరాత్రీ ఒకసారి కొలిచి చూస్తే దోషం ఎక్కడుందో తేలిపోతుంది.

ప్రశ్న: కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీద ఎస్ప్రెస్సో యంత్రం నడుస్తుందా?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: నడవదు. ఫ్యాన్లు, దీపాల కోసం ఇళ్లలో పెట్టుకునే 900 వీఏ ఇన్వర్టర్ 1300–1500 వాట్ల హీటరును మోయలేదు. కోతలు తరచుగా ఉంటే ఫ్లెయిర్, కెఫలాట్ రోబోట్ వంటి, చేతి మీటతో నొక్కే పరికరాలు చూడండి. వాటిలో బాయిలర్, పంపు రెండూ ఉండవు; గ్యాస్ మీద మరిగించిన నీళ్లు పోసి, సుమారు 9 బార్ల, అంటే మన చుట్టూ ఉండే గాలి ఒత్తిడికి దాదాపు తొమ్మిది రెట్ల, ఒత్తిడిని మీ చేతులతోనే ఇవ్వాలి. అంత శ్రమ వద్దనుకుంటే పొయ్యి మీద పెట్టి కాఫీ దింపే చిన్న పాత్ర, మోకా పాట్, ఉంది. అందులో పుట్టే ఒత్తిడి ఒకటి రెండు బార్లు మించదు కాబట్టి దాన్ని ఎస్ప్రెస్సో అనలేము గానీ, పాలు కలుపుకుని తాగేవారికి ఆ చిక్కదనం చాలు.